కొత్త దేశంలో బడి: నోరు విప్పని రోజులకన్నా, విప్పాకే ఎక్కువ జాగ్రత్త

దేశం మారి కొత్త బడిలో చేరిన చిన్నపిల్లల తల్లిదండ్రుల్లో ఎవరిని కదిపినా మొదట అడిగేది ఒకటే: "వీడు ఎప్పటికి మాట్లాడతాడు?" రెండు మూడేళ్లు గడిచాక అదే ఇంట్లో వినిపించే మాట వేరు: "ఇంత బాగా మాట్లాడుతున్నాడు కదా, మరి చదువులో ఎందుకు వెనకబడుతున్నాడు?" మొదటి ప్రశ్నకి అవసరానికి మించి కంగారుపడతాం. రెండోది వచ్చేసరికి బడీ ఇల్లూ రెండూ చేతులు దులుపుకొని కూర్చుంటాయి. నాలుగు నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లల విషయంలో ఈ లెక్క తలకిందులు కావాలన్నది నా అభిప్రాయం. ఎందుకో చెప్పేముందు కాగితాల సంగతి చూద్దాం. చాలామందికి మొదటి రెండు వారాలూ అక్కడే కరిగిపోతాయి.

ఆఫీసు గది దగ్గర

బడిలో అడిగేవి ఎక్కడైనా ఇంచుమించు నాలుగే. పుట్టిన తేదీకి రుజువు, ఇంటి చిరునామాకి రుజువు, టీకాల రికార్డు, పాత బడి రిపోర్టు. కొత్తగా దిగినవాళ్లకి చిక్కొచ్చేది చిరునామా దగ్గర. అద్దె ఒప్పందం ఇంకా చేతికి రాదు, కరెంటు బిల్లు మన పేరు మీద ఉండదు. ఎవరింట్లోనైనా దిగినవాళ్ల కోసం, ఆ ఇంటివాళ్లు సంతకం చేసి ఇచ్చే ఫారం చాలా బడుల్లో ఉంటుంది. అడిగితేనే బయటికి తీస్తారు. వీసా కాగితాల భయంతో పిల్లల్ని ఇంట్లోనే ఉంచేసేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఆ భయం అక్కర్లేదు. ఇమిగ్రేషన్ కాగితాలు లేవన్న కారణంతో ప్రభుత్వ బడి పిల్లల్ని కాదనకూడదని 1982లోనే ప్లైలర్ వర్సెస్ డో కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది.

టీకాల కార్డు దగ్గర తేడా కొట్టేవి మూడు. మొదటిది తేదీ. 04/07 అంటే చాలా దేశాల్లో జులై 4, అమెరికాలో ఏప్రిల్ 7. నెల పేరు అక్షరాల్లో రాయించి, డాక్టరు సంతకంతో శుభ్రమైన ప్రతి ఒకటి తీసుకుని బయల్దేరితే సగం తలనొప్పి అక్కడే పోతుంది. రెండోది తట్టు టీకా. మొదటి డోసు తొమ్మిదో నెలలో వేసే దేశాలు చాలా ఉన్నాయి. అమెరికాలో మాత్రం ఏడాది నిండకముందు వేసిన డోసు బడి లెక్కలోకి రాదు, అందుకే మళ్లీ వేయించమంటారు. ఆఫీసులో వాదించి ప్రయోజనం లేదు. మూడోది ఎడం. తట్టు, ఆటలమ్మ టీకాల్లాంటివి రెండూ ఒకే రోజు వేయించాలి, లేదంటే మధ్యలో కనీసం 28 రోజులు ఉండాలి. ఇది తెలియక ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకోటి వేయిస్తే రెండోది చెల్లదని మళ్లీ సూది పొడిపిస్తారు. టీబీ పరీక్ష అడిగే చోట ఇంకో సంగతి. బీసీజీ అనే టీబీ టీకా వేయించుకున్న పిల్లలకి చర్మం మీద చేసే పరీక్ష జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించొచ్చు. దాని బదులు రక్తపరీక్ష చేయిస్తామని ముందే అడిగి ఉంచుకోవడం మేలు.

ఏ తరగతి అన్నది మార్కుల్ని బట్టి కాదు, పుట్టిన తేదీని బట్టి తేలుస్తారు. ఇంగ్లండ్‌లో సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 లోపు పుట్టినవాళ్లంతా ఒక తరగతి. ఫిన్లండ్‌లో ఏడేళ్లు నిండే సంవత్సరంలో ఒకటో తరగతి మొదలవుతుంది. జపాన్‌లో బడి ఏప్రిల్‌లో తెరుస్తారు, ఆస్ట్రేలియాలో జనవరి ఆఖర్లో. కాబట్టి ఒకటో తరగతి పూర్తిచేసి వచ్చిన పిల్ల మళ్లీ ఒకటిలోనే కూర్చోవచ్చు, సంవత్సరం మధ్యలో రెండులో పడిపోవచ్చు కూడా. "భాష రాదు కదా, ఒక తరగతి కింద వేయండి, వచ్చాక పైకి ఎక్కించండి" అని తల్లిదండ్రులే అడగడం మామూలు. ఆ పని చేయొద్దనే చెప్తాను. పాత తరగతి పాఠాలే మళ్లీ వింటే కొత్త భాష రాదు. అది ఈడు పిల్లల పక్కన కూర్చుని, వాళ్లతో ఆడితే వస్తుంది. ఒకసారి కింద వేశాక పైకి ఎక్కించడం అరుదు. పదేళ్ల వయసుకి తరగతిలో అందరికన్నా ఒక జానెడు ఎత్తుగా ఉండే ఇబ్బంది మాత్రం మిగిలిపోతుంది.

చేరేటప్పుడు ఇచ్చే ఫారాల్లో "ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అన్న కాగితం ఒకటుంటుంది. తక్కువ తరగతిలో వేస్తారేమో, ముద్ర పడిపోతుందేమో అన్న అనుమానంతో తల్లిదండ్రులు చాలామంది దాని మీద ఇంగ్లీషు ఒక్కటే అని రాసేస్తారు. ఇంతకంటే నష్టం చేసే సంతకం ఇంకోటి లేదు. అమెరికాలో ఆ కాగితం చూసే భాషా పరీక్ష పెడతారు, ఆ పరీక్షను బట్టే భాషా టీచర్ సాయం అందుతుంది. కొత్త భాష అని తెలిస్తే పరీక్షల్లో ఇచ్చే వెసులుబాట్లూ దాన్ని బట్టే. అబద్ధం రాస్తే ఇవన్నీ పోతాయి, పిల్లాడు ఎందుకు బదులివ్వట్లేదో టీచర్‌కి కారణం దొరకదు. ఉన్నది ఉన్నట్టు రాసి, ఆ సాయం వద్దనుకుంటే తర్వాత కాదనే హక్కు అక్కడ తల్లిదండ్రులకి ఎలాగూ ఉంది. కాదన్నా ఏటా జరిగే భాషా పరీక్ష మాత్రం రాయాల్సిందే.

దేశాన్ని బట్టి ఆ సాయం రూపం మారుతుంది. జర్మనీలో చాలాచోట్ల ముందు ప్రత్యేక తరగతిలో పెట్టి, భాష కాస్త పట్టుబడ్డాక మామూలు తరగతికి పంపుతారు. ఫిన్లండ్‌లో సుమారు ఒక ఏడాది సన్నాహక చదువు ఉంటుంది. ఇంగ్లండ్‌లో మొదటి రోజు నుంచే అందరి మధ్యా కూర్చోబెట్టడం ఎక్కువ. పిల్లాణ్ని తరగతిలోంచి బయటికి పిలిచి భాష నేర్పే బడి అయితే ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి: ఏ పీరియడ్‌లో పిలుస్తారు? ఆటల పీరియడో, బొమ్మలు వేసే పీరియడో అయితే మార్చమని అడగండి. మాట లేకుండా పిల్లాడు తన సత్తా చూపించగలిగే వేళలు రోజు మొత్తంలో అవే.

మొదటి రోజుకి ముందు

మొదటి వారం పిల్లల్ని ఏడిపించేది భాష అనుకుంటాం. నిజానికి బాత్రూమ్, డబ్బా మూత, సాయంత్రం ఎవరొస్తారో తెలియకపోవడం. మూడూ ముందే సరిదిద్దుకోగలిగినవే.

బడి తెరవకముందు ఒక్కసారి లోపలికి తీసుకెళ్లి చూపించమని అడిగితే చాలా బడులు ఒప్పుకుంటాయి. తరగతి గదికన్నా ముందు బాత్రూమ్ చూడండి. ఎటు వెళ్లాలి, గడియ ఎలా పడుతుంది, నీళ్లు ఎలా వదలాలి అన్నీ పిల్లాడి చేత చేయించాలి. లేచీ లేవకముందే దానంతటదే భళ్లున నీళ్లు వదిలే కమోడ్ అంటే హడలిపోయి రోజంతా బిగబట్టుకునే పిల్లలు ఎంతోమంది. బిగబట్టిన ఫలితం మొదట తడిసిన బట్టలు, కొన్నాళ్లకి మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. దానికి చిట్కా ఉంది. గోడ మీద ఎర్రగా మెరిసే సెన్సర్ కన్ను మీద చిన్న అంటుకాగితం అంటిస్తే నీళ్లు రావు. పని అయ్యాక కాగితం పీకేస్తే సరి. అలాంటి కాగితాలు ఓ నాలుగు జేబులో పెట్టి పంపండి.

యాభై మాటలు బట్టీ పట్టించడం దండగ, కంగారులో ఒక్కటీ గుర్తురాదు. అయిదు చాలు: బాత్రూమ్‌కి వెళ్లాలి, అర్థం కాలేదు, సాయం చేయండి, ఆపు, నేనూ ఆడొచ్చా. ఇందులో "ఆపు" అన్నది గట్టిగా, చెయ్యి ముందుకు చాచి చెప్పడం ఇంట్లో ఆటలాగా అలవాటు చేయించాలి, లేకపోతే మొహమాటంతో నోట్లోనే ఉండిపోతుంది. అరచేతిలో పట్టే బొమ్మల కార్డులు అయిదు చేసి ఒక రింగుకి గుచ్చి సంచికి తగిలించండి. బాత్రూమ్, నీళ్లు, ఒంట్లో బాలేదు, దెబ్బ తగిలింది, అర్థం కాలేదు. అలాంటిదే ఇంకో సెట్టు టీచర్ బల్ల మీద ఉండాలి. కార్డు చూపించడం అలవాటైతే మాట రావడం ఆలస్యమవుతుందేమోనన్న భయం అక్కర్లేదు. అవసరం తీరుతుందన్న ధీమా ఉన్న పిల్లలే ముందు నోరు తెరుస్తారు.

భోజనం విరామం చాలా బడుల్లో అరగంట కూడా ఉండదు. వరసలో నిలబడి, చోటు వెతుక్కుని కూర్చునేసరికి తినడానికి పావుగంట మిగులుతుంది. ఇంట్లో అదే డబ్బాతో, అదే నీళ్ల సీసాతో గడియారం పెట్టి ఒక వారం సాధన చేయించండి. మూత బిగుతుగా ఉంటే, తీసిపెట్టమని అడగడానికి మాట రాక డబ్బా మూసింది మూసినట్టే ఇంటికి తెస్తారు. మనం ఇష్టం లేక తినలేదనుకుని కోప్పడతాం.

మంచు పడే దేశమైతే బట్టల వరస కూడా పాఠమే. ముందు మంచు ప్యాంటు, తర్వాత బూట్లు, తర్వాత కోటు, ఆపైన టోపీ, చిట్టచివర చేతి తొడుగులు. కోటు ముందు తొడిగితే ప్యాంటు పట్టీలు భుజాల మీదికి ఎక్కవు. చేతి తొడుగులు ముందు వేసుకుంటే జిప్పు పట్టుకోవడం కుదరదు. ప్యాంటు కన్నా ముందు బూట్లు వేస్తే అవి విప్పి మళ్లీ మొదటికి రావాలి. వెచ్చటి దేశం నుంచి వచ్చిన అయిదేళ్ల పిల్లకి ఇది ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చనే అనుకుంటారు. ఆమె తొడుక్కునేసరికి తోటి పిల్లలు ఆడుకుని లోపలికి వచ్చేస్తుంటారు. స్నేహాలు మొదలయ్యే విరామమే అలా పోతుంది. వరసని బొమ్మలుగా గీసి తలుపు పక్కన అతికించి, రోజుకి రెండుసార్లు తొడిగించి విప్పించండి. కుడి ఎడమ బూట్లు తారుమారు కాకుండా లోపలి అంచుల్లో ఒక బొమ్మని సగం సగం గీస్తే, బొమ్మ కలిస్తే సరిగ్గా ఉన్నట్టు.

సాయంత్రం ఎవరికి అప్పగించాలో బడి దగ్గర రాతపూర్వకంగా పేర్లుంటాయి. జాబితాలో లేని మనిషికి, పిల్లాడు పరుగెత్తుకెళ్లి వాటేసుకున్నా అప్పగించరు. కనీసం ముగ్గురి పేర్లు రాయండి. బస్సు అయితే నంబరు సంచి మీద, చొక్కా లోపల రెండు చోట్లా ఉండాలి. ఇక పేరు సంగతి. ఇంటిపేరు, పెట్టినపేరు గళ్లు తారుమారైతే బడిలో ఏడాదంతా ఇంటిపేరుతోనే పిలుస్తారు. పేరు పలకడం ఎలాగో అయిదు సెకన్ల ఆడియో టీచర్‌కి పంపితే ఏ వివరణా అక్కర్లేదు. పేరు కుదించాలా వద్దా అన్నది పిల్లల్ని అడిగి తేల్చాల్సిన సంగతి, హాజరుపట్టీ సౌకర్యం చూసి కాదు.

మౌనం

చేరిన కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా చాలామంది చిన్నపిల్లలు బడిలో దాదాపు మాట్లాడరు. భాషా పరిశోధకులు దీన్ని మౌన దశ అంటారు. మౌనంగా ఉన్న పిల్ల ఖాళీగా లేదు. ఎవరు ఎప్పుడు లేస్తున్నారు, ఏ మాటకి అందరూ నవ్వుతున్నారు, టీచర్ గొంతు ఎప్పుడు మారుతోంది అన్నీ పోగేసుకుంటోంది. పని జరుగుతోందనడానికి గుర్తులు చూడాలి. చెప్పిన పనిని పక్కవాళ్లని చూడకుండా చేయగలుగుతోందా? వేలు పెట్టి చూపిస్తోందా? పాటలో చేతులు ఊపుతోందా? ఇంట్లో బొమ్మల ముందు కొత్త భాషలో గొణుగుతోందా? వీటిలో రెండు కనబడినా నిశ్చింతగా ఉండొచ్చు.

తర్వాత వచ్చేవి విడి మాటలు కావు, ముద్దలు ముద్దలుగా వస్తాయి. "నా వంతు", "ఇలా రా", "అది నాది" లాంటివి అర్థం విడదీసి తెలియకుండానే మొత్తంగా నేర్చుకుంటారు. టీచర్ నేర్పినవాటికంటే ఆటస్థలంలో విన్నవి ముందొస్తాయి. తప్పుగా అంటే దిద్దకండి. అదే మాటని మీరు సరిగ్గా తిప్పి అని ముందుకెళ్లండి, చాలు. రెండు భాషలు కలిపి మాట్లాడటమూ గందరగోళం కాదు. ఉన్న మాటలన్నీ వాడుకోవడం, అంతే.

ఈ దశలో టీచర్‌ని అడగదగ్గ మేళ్లు కొన్ని ఉన్నాయి. ప్రశ్న వేశాక ఆగమనడం మొదటిది. మేరీ బడ్ రోవ్ అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతి గదుల్లో గమనించి చెప్పిన లెక్క ప్రకారం, టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారు. మూడు సెకన్లు ఆగితే మామూలు పిల్లల జవాబులే మెరుగుపడ్డాయి. విన్నది ఇంటి భాషలోకి తిప్పుకుని, జవాబు మళ్లీ కొత్త భాషలోకి తిప్పుకోవాల్సిన పిల్లకి ఇంకా ఎక్కువ కావాలి. అందరి ముందూ లేపి మాట్లాడించొద్దని, అవును కాదులతోనో చెయ్యెత్తడంతోనో తేలే ప్రశ్నలు వేయమని చెప్పండి. తోడుగా ఒక పిల్లని కాకుండా ఇద్దరు ముగ్గుర్ని వంతులవారీగా పెట్టమనండి. ఒక్కరే అయితే రెండు వారాల్లో విసుగొచ్చి తప్పించుకుంటారు. ఇంటి భాష వచ్చిన పిల్ల తరగతిలో ఉంటే మొదటి నెల వరం. కానీ ఆ పిల్లని రోజంతా దుబాసీని చేస్తే ఇద్దరి చదువూ చెడుతుంది.

తరగతి గదికన్నా కష్టమైనది విరామం. తరగతిలో ఎక్కడ కూర్చోవాలో ఎవరో చెప్తారు, బయట ఎవరూ చెప్పరు. ఆటలో చేరాలంటే మాటలు ఎక్కువ అక్కర్లేని ఆట ఒకటి చేతిలో ఉండాలి. బంతి, తాడు, పట్టుకునే ఆట ఏదైనా సరే, ఆ బడిలో ఏది ఆడుతున్నారో కనుక్కుని దాని నియమాలు ఇంటి భాషలో నేర్పి పంపండి. స్నేహితులు పదిమంది అక్కర్లేదు. ఒక్కరు కుదిరితే నిలదొక్కుకుంటారు.

సాయంత్రం ఇంటికి రాగానే ఏడుపులు, చిన్నదానికి పెద్ద రభస మామూలే. ఆరు గంటలు తెలియని భాష వినడం ఒళ్లు హూనం చేసే పని. ఓ గంట ఏమీ అడక్కుండా వదిలేయండి. తర్వాత "ఎలా గడిచింది?" అంటే "బానే" అన్న జవాబే వస్తుంది. "పక్కన ఎవరు కూర్చున్నారు? బయట ఎక్కడ నిలబడ్డావో బొమ్మ గీసి చూపించు" అని అడిగితే సంగతులు బయటపడతాయి. గీసిన బొమ్మలో మీ పాప వారాల తరబడి గోడ పక్కనే ఉంటే, అది టీచర్‌కి చెప్పాల్సిన విషయం.

ఎప్పుడు కంగారుపడాలి? మౌనం ఆర్నెల్లు దాటి, పార్కులో ఇంటి భాష మాట్లాడే పిల్లలతో కూడా నోరు మెదపకపోతే. తినడం, నిద్ర, పక్క తడపడం లాంటివాటిలో మార్పు వచ్చి తగ్గకపోతే. కొన్ని చోట్ల మాత్రమే మాట పడిపోయే ఆందోళన సమస్య నిజంగానే ఉంది. అయితే దాని నిర్ధారణ నియమాల్లోనే, బడిలో చేరిన మొదటి నెలని లెక్కలోకి తీసుకోకూడదని, భాష రాకపోవడమే కారణమైతే ఆ పేరు పెట్టకూడదని ఉంది. అన్నిటికన్నా ముందు చెవి, కన్ను పరీక్ష చేయించాలి. చెవిలో నీరు చేరి సగం వినబడని పిల్లకి "భాష రాక" అని పేరు పెట్టేయడం తరచూ జరిగే పొరపాటు.

ఇంట్లో ఏ భాష?

"ఇంట్లో కూడా కొత్త భాషే మాట్లాడండి" అని కొందరు టీచర్లు మంచి మనసుతోనే సలహా ఇస్తారు. వినకండి. మీకు అంతంతమాత్రంగా వచ్చిన భాషలో మీరు చెప్పగలిగేది "తిను, పడుకో, తొందరగా" వరకే. కారణాలు చెప్పడం, కథ సాగదీయడం, వాదించడం, ఊహించడం మీ భాషలోనే కుదురుతాయి. బరువు, నీడ, సగం, న్యాయం అన్న ఆలోచనలు ఒక భాషలో కుదురుకుంటే రెండో భాషలో పేరు మాత్రమే నేర్చుకోవాలి. స్వీడన్ 1977 నుంచే వలస పిల్లలకి బడిలో ఇంటి భాష నేర్పించే ఏర్పాటు చేసింది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 29వ అధికరణంలో, చదువు పిల్లల సొంత భాష మీద గౌరవం పెంచేదిగా ఉండాలని రాసుంది. బడి కాదంటే చూపించడానికి పనికొస్తుంది.

దీన్ని పనిలో పెట్టే పద్ధతి ఒకటుంది. వచ్చే వారం ఏ పాఠమో శుక్రవారమే టీచర్‌ని అడగండి. నీరు ఆవిరవడం గురించి అనుకుందాం. ఆదివారం ఇరవై నిమిషాలు చాలు. గిన్నెలో వేడినీళ్లు పోసి పళ్లెం మూత పెట్టండి. అయిదు నిమిషాలాగి మూత తిప్పి చూపించి, "ఈ చుక్కలు ఎక్కడివి? గిన్నెలో నీళ్లు పైకి ఎలా ఎక్కాయి?" అని మీ భాషలో అడగండి. జవాబు మీరు చెప్పకండి, తప్పుగా చెప్పినా పూర్తిగా విని అప్పుడు వాదించండి. ఇంకో గిన్నెని ఐసు ముక్కలు పెట్టిన పళ్లెంతో మూసి, చుక్కలు ఎక్కడ త్వరగా వచ్చాయో పోల్చమనండి. ఎండిన తడిబట్టకీ దీనికీ పొత్తు కుదర్చమనండి. తర్వాత కాగితం మీద గిన్నె, ఆవిరి, చుక్క గీసి బాణాలు పెట్టించి, చిట్టచివర మాత్రమే కొత్త భాషలో మూడు పేర్లు రాయండి. మూడుకి మించొద్దు. సోమవారం టీచర్ చెప్పేదంతా అర్థం కాకపోయినా, బల్ల మీద బొమ్మ చూడగానే సంగతేమిటో పిల్లాడికి తెలిసిపోతుంది. చెయ్యెత్తే మొదటి రోజు చాలామందికి ఇలాగే వస్తుంది.

లెక్కలకి భాష అక్కర్లేదా?

లెక్కల్లో ఇబ్బంది ఉండదనుకోవడం పెద్ద భ్రమ. అంకెలు రాసే తీరే మారుతుంది. జర్మనీ, ఫ్రాన్స్‌లలో దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. 1కి పైన వాలుగీత, 7కి నడుమ అడ్డగీత కనిపిస్తే ఒకదాన్ని ఇంకోటి అనుకుంటారు. జర్మన్‌లో 21ని ముందు ఒకటి, తర్వాత ఇరవై అని పలుకుతారు కాబట్టి విని రాసేటప్పుడు 12 పడిపోతుంది. ఫ్రెంచిలో 80 అంటే నాలుగు ఇరవైలు. భాగహారం వేసే పొందిక దేశదేశానికీ వేరు. ఇంట్లో మీరు మీ పద్ధతి నేర్పితే జవాబు సరైనా టీచర్‌కి దారి కనబడదు. బడి పద్ధతిని పిల్లాడి చేతే మీకు చెప్పించుకోవడం మంచిది. అమెరికాకి వచ్చేవాళ్లకి అంగుళాలు, పౌన్లు, ఫారెన్‌హీట్ అదనం.

అసలు చిక్కు మాటల లెక్కల్లో. "ఆమెకి అతనికన్నా ఎన్ని ఎక్కువ?" అన్నచోట ఎక్కువ అన్న ముక్క పట్టుకుని కూడేస్తారు, తీసివేయాలని తట్టదు. నిలువు లెక్కలన్నీ సరిగ్గా చేసి మాటల లెక్కలన్నీ తప్పిన కాగితం ఇంటికొస్తే అది లెక్కల లోపం కాదు. అదే లెక్కని మీ భాషలో చదివి వినిపించండి. వెంటనే చేస్తే సంగతి తేలిపోయినట్టే. ఆ కాగితం దాచి టీచర్‌కి చూపించండి.

గలగలా మాట్లాడే రోజులు

ఇప్పుడు మొదట్లో చెప్పిన రెండో ప్రశ్న. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో ఒక తేడా విడమరిచి చెప్పారు. ఆటస్థలంలో, భోజనం బల్ల దగ్గర కావాల్సిన భాష ఒకటి, పాఠం చదివి అర్థం చేసుకుని రాయడానికి కావాల్సిన భాష వేరొకటి. మొదటిది సుమారు రెండేళ్లలో పట్టుబడుతుంది. రెండోది తోటివాళ్లతో సమానంగా రావడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఆటలో ఎదుటివాడి ముఖం, చేతులు, ఎదురుగా ఉన్న బంతి సగం అర్థం చెప్పేస్తాయి. పుస్తకంలో ఆ ఊతం ఏదీ ఉండదు, అర్థమంతా మాటల్లోనే ఉంటుంది. పైగా తోటివాళ్లు ఆగి ఎదురుచూడరు, వాళ్ల భాషా ఏటేటా పెరుగుతూనే ఉంటుంది.

ఈ మధ్యకాలమే ప్రమాదం. ఉచ్చారణ అక్కడి పిల్లల్లా ఉంటుంది, జోకులేస్తాడు. దాంతో భాష వచ్చేసిందనుకుని సాయం ఆపేస్తారు. పాఠాల్లో వెనకబడితే బద్ధకం అంటారు, లేదా నేర్చుకునే లోపం ఉందేమో అంటారు. వలస పిల్లల మీద మనస్తత్వ నిపుణులు రాసిన నివేదికల్లో కమిన్స్‌కి ఇదే పొరపాటు పదేపదే కనబడింది. ఎనిమిది తొమ్మిదేళ్ల దగ్గర ఇది బయటపడుతుంది. అప్పటిదాకా చదవడం నేర్పుతారు, అప్పట్నుంచి చదివి తెలుసుకోమంటారు.

పసిగట్టడానికి ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టొచ్చు. పాఠ్యపుస్తకంలో చదవని పేజీ ఒకటి గట్టిగా చదివించండి. తడబడకుండా చదివితే సంతోషించి ఊరుకోకండి. పుస్తకం మూసి, అదంతా ఇంటి భాషలో చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైంది, కొత్త భాషలో రాయడమే మిగిలింది. చెప్పలేకపోతే అక్షరాలే చదివాడు. రెండోసారి ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఎక్కడ తెగిందో చూడండి. చాలాసార్లు కష్టమైన పెద్ద పదం దగ్గర తెగదు, "అయినప్పటికీ", "అందువల్ల", "తప్ప" లాంటి వాక్యాలు కలిపే చిన్న మాటల దగ్గర తెగుతుంది. అవి ఆటలో ఎవరూ వాడరు, బడిలో విడిగా ఎవరూ నేర్పరు. వారానికి రెండు తీసుకుని, వాటితో ఇంటి సంగతుల మీదే వాక్యాలు చెప్పించండి.

నిజంగానే నేర్చుకునే లోపం ఉందా అన్న అనుమానం వస్తే, చూడాల్సింది ఇంటి భాషలో. విన్న కథ వరసగా తిరిగి చెప్పలేకపోవడం, మూడు పనులు వరసగా చెప్తే గుర్తుండకపోవడం ఇంటి భాషలోనూ ఉంటే అనుమానానికి బలం ఉంది. కొత్త భాషలో మాత్రమే ఉంటే అది కొత్త భాష సంగతే. అమెరికాలో ఇలాంటి అంచనా వీలైనంతవరకు పిల్లాడి సొంత భాషలోనే జరగాలని చట్టం ఉంది, అడిగి తీసుకోండి. టీచర్‌తో మాట్లాడే రోజు దుబాసీని ముందే కోరండి. అక్కడ తల్లిదండ్రులకి అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వడం బడి బాధ్యత. పిల్లాణ్నే దుబాసీగా కూర్చోబెడితే తన మీద ఫిర్యాదుని తనే తర్జుమా చేసుకోవాలి, ఎలా చేస్తాడో ఊహించండి.

భాషా సాయం ఆపుతామని కాగితం వచ్చినప్పుడు మొత్తం మార్కు ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగింటికీ విడివిడిగా మార్కులుంటాయి. మొదటి రెండూ ఎక్కువుండి రాయడం కింద ఉండటం మామూలుగా కనిపించే తీరు, సగటులో అది కనబడదు. పిల్లాడు సొంతంగా రాసిన కాగితాలు, ఈ నెలవి ఒకటి రెండు, ఆరు నెలల కిందటివి ఒకటి రెండు చూపించమనండి. అమెరికాలో అయితే సాయం ఆపాక కూడా కొన్నేళ్లు బడి ఆ పిల్లల చదువుని గమనిస్తూ ఉండాలి. ఆ గమనించే మనిషి పేరు కనుక్కుని, ఏ సబ్జెక్టులోనైనా జారుడు కనిపిస్తే సాయం మళ్లీ మొదలుపెట్టమని తేదీ వేసి ఉత్తరం రాసివ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.